కారులో ఫస్ట్ ఎయిడ్ కిట్ ఏం పెట్టుకోవాలె? ట్రామా కిట్ (పెద్ద గాయాలకు వాడేది) నిజంగ అవసరమా?

నకిరేకల్_అల్లుడు:
అన్నలూ అక్కలూ ఒక సలహా కావాలె. నెలకు రెండు సార్లు హైదరాబాద్ నుంచి నకిరేకల్ పోతుంటం, అత్తగారి ఊరు, నేను మా ఆవిడ ఇద్దరు పిల్లలు. పోయిన నెల చిట్యాల దాటినంక మా కండ్ల ముందే ఒక బైకు డివైడర్‌కు తగిలి పడ్డది. ఆపిన. పోరనికి ఇరవై ఏండ్లు గూడ ఉండవేమో, మోకాలి కింద చీలి రక్తం కారుతనే ఉన్నది. డిక్కీలకెళ్ళి షోరూమోళ్ళు ఇచ్చిన కిట్ తీసిన, నాలుగేండ్ల నుంచి జిప్పు గూడ తియ్యలే దాన్ని. ఆరు బ్యాండ్ ఎయిడ్లు, చిటికెడు దూది, గట్టిపడ్డ ఆయింట్‌మెంట్ ట్యూబు, ఒక బుడ్డ కత్తెర, దాంతోటి ప్యాంటు కాదు కదా పేపర్ గూడ తెగదు. ఆఖరికి మా ఆవిడ చున్నీ మడత పెట్టి రెండు చేతులతోటి ఒత్తి పట్టుకొని 108 వచ్చేదాక అట్లనే కూసున్నది, నేను బండ్లు ఆపుకుంట నిలబడ్డ అంతే.

అప్పటి నుంచి యూట్యూబ్ల అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తున్న, ఎర్ర బ్యాగులు, టూర్నికేట్ అని రక్తం ఆపనీకి చేతికో కాలుకో బిగించే పట్టీ, చెస్ట్ సీల్ అని ఛాతీ గాయం మీద అతికిచ్చేది, ఇంకేందో, మొత్తం కొంటే ఏడెనిమిది వేలు అయితుంది. అంత అవసరమా? అత్తగారింట్ల గూడ ఒకటి పెడ్దామని ఉన్నది, ఆడ బర్లు, గడ్డి కోసే మిషను, పాములు అన్నీ ఉంటయి. ఇంకోటి, మా మామ ఏమంటడంటే ముట్టుకుంటే నీ మీదనే కేసు అయితది అని. నిజమేనా?

బద్ధకం_బాబాయ్:
పారాసిటమాల్, డెట్టాల్, ఆంజనేయస్వామి ఫోటో. ముప్పై ఏళ్ళుగా ఇదే మా కిట్టు.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ:
బాబాయ్ గారూ మీలాంటి వాళ్ళ వల్లే మాకు నైట్ డ్యూటీలో టీ తాగే టైం ఉండదు.

తమ్ముడూ, ముందు మీ ఆవిడకి నా తరఫున దండం పెట్టండి. 11 ఏళ్ళుగా క్యాజువాలిటీలో నర్సుని, చెప్తున్నా వినండి, ఆ చున్నీ చేసిన పనే అసలు పని. కిట్‌లో ఏం పెట్టినా ఆ ఒత్తి పట్టుకోవడాన్ని ఇంకొంచెం బాగా చెయ్యడానికే. అందుకని వంద రకాలు ఒక్కొక్కటి కాదు, నాలుగైదు రకాలు ఎక్కువెక్కువ కొనండి. గాజు గుడ్డ, అంటే కట్లకి వాడే పలచటి నూలు గుడ్డ, రోల్స్ కనీసం ఆరు, 10 సెంటీమీటర్లవి 15 సెంటీమీటర్లవి రోలర్ బ్యాండేజీలు, రెండు క్రేప్ బ్యాండేజీలు, గాయం కడగడానికి నార్మల్ సెలైన్ అర లీటర్ సీసా, నైట్రైల్ గ్లౌజులు ఆరు జతలు అన్నిటికన్నా పైన పెట్టండి ఎందుకంటే ముందు తియ్యాల్సింది అవే. చెమట పట్టిన ఒంటి మీద పేపర్ ప్లాస్టర్ నిలవదు, గుడ్డ ప్లాస్టర్ తీసుకోండి. కత్తెర మాత్రం ట్రామా షియర్స్ అని అడగండి, మొన వంకరగా మొద్దుగా ఉంటుంది, జీన్స్ ప్యాంటు పైనుంచి కింద దాకా కోసేస్తుంది, లోపల చర్మానికి గుచ్చుకోదు. ఇవన్నీ సర్జికల్ సామాన్లు అమ్మే షాపులో దొరుకుతాయి, మీరు చెప్పిన ఏడెనిమిది వేలు అస్సలు అవ్వదు.

దూది నేరుగా గాయం మీద పెట్టొద్దు, పోగులు అతుక్కుపోతాయి, తర్వాత అవి ఏరేది మేమే. కాఫీ పొడి, పసుపు కూడా వద్దు, కాఫీ పొడి కడుక్కుంటూ కూర్చుంటే అసలు గాయం ఎంత లోతో కనపడేసరికి అరగంట పడుతుంది మాకు. కాలిన చోట టూత్‌పేస్ట్ కూడా అంతే, పంపు నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి చాలు.

చెయ్యో కాలో లోతుగా తెగితే గాజు గుడ్డని వేలితో గాయం లోపలికి, రక్తం ఎక్కడ నుంచి వస్తోందో అక్కడికి, కుక్కుకుంటూ పోవాలి, నిండాక పైన రెండు చేతులూ పెట్టి ఒంటి బరువంతా వేసి పది నిమిషాలు. వాచీ చూసి పది. మన వాళ్ళు ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూస్తారు, ఎత్తినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. తడిసిపోతే తియ్యకుండా దాని మీదే ఇంకోటి పెట్టి ఇంకా గట్టిగా ఒత్తండి. ఛాతీలో, పొట్టలో అయిన గాయాల్లో మాత్రం ఏమీ కుక్కొద్దు.

గడ్డి మిషను అన్నారు కాబట్టి ఇదొక్కటి. వేలు తెగి పడితే తడి గాజు గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్ళలో పెట్టి తీసుకురండి. ఒకాయన ఐసుముక్కల్లో నేరుగా వేసి తెచ్చాడు, గట్టిగా అయిపోయింది, ఇక అతకడానికి కుదర్లేదు.

డాలస్_నుంచి_గుంటూరు:
అక్క చెప్పింది కరెక్ట్. టూర్నికేట్ గురించి నేను చెప్తా, ఇక్కడ స్టాప్ ద బ్లీడ్ అని క్లాసులు పెడతారు, 2015లో మొదలైన ప్రోగ్రాం, మా ఆఫీసులో పెడితే వెళ్ళా. రక్తం చిమ్ముతోంది, ఒత్తినా ఆగట్లేదు, లేదా చెయ్యో కాలో తెగిపోయింది, అలాంటప్పుడే అది. గాయానికి రెండు మూడు అంగుళాల పైన వెయ్యాలి, మోచేయి మోకాలి కీలు మీద వెయ్యకూడదు, రక్తం ఆగేదాకా దానికున్న పుల్ల తిప్పాలి. భరించలేనంత నొప్పి, మనిషి అరుస్తాడు, జాలిపడి వదులు చేస్తే మొత్తం వేస్ట్. వేసిన టైం నుదుటి మీదో పట్టీ మీదో పెన్నుతో రాసెయ్యాలి, విప్పేది డాక్టరే. అందుకే కిట్‌లో మార్కర్ పెన్ను.

కానీ కొనేటప్పుడు జాగ్రత్త బ్రో, ఇక్కడ క్యాట్ అనే రకం టూర్నికేట్ ఒరిజినల్‌ది దగ్గర దగ్గర 30 డాలర్లు, ఆన్‌లైన్‌లో నాలుగు వందలకి వచ్చేవి డూప్లికేట్లు, తిప్పుతుంటే పుల్ల వంగిపోతుంది. నేను ఇండియాకి రెండు తెచ్చా, ఒకటి ప్రాక్టీసుకి ఒకటి అసలుది. ప్రాక్టీసుది మా నాన్న సూట్‌కేసు జిప్పు పోయిందని దానికి బిగించి తిరుపతి వెళ్ళొచ్చారు, బానే పనిచేసిందట.

రక్తం గడ్డకట్టించే డ్రెస్సింగులు మన దగ్గరా తయారవుతున్నాయి, ఆక్సియోస్టాట్ అని ఉంది, డబ్బులుంటే ఒకటి వేసుకో. చెస్ట్ సీల్ లాంటివి నేర్చుకోకుండా కొని ఏం చేస్తాం, వదిలెయ్.

గట్టుమీద_మనిషి:
డాలస్ తమ్ముడు చెప్పింది బాగుంది గానీ చదివినోళ్ళు ఎవురూ ఆ టూర్నికేట్‌ని పాము కాటుకి వాడమాకండయ్యా. మా పల్నాడులో ఇప్పటికీ కరిచిందంటే చాలు తాడో తువ్వాలో బిగించి కట్టేస్తారు. మా చేల్లో కూలీకొచ్చినాయనకి రక్తపింజర కరిస్తే పిక్కకి నైలాన్ తాడు కట్టి మోటరు సైకిలు మీద తీసకపోయారు, కాలు నల్లబడిపోయింది, విషం కంటే ఆ తాడే ఎక్కువ చెరుపు చేసిందన్నాడు డాక్టరు. కొయ్యటం, పీల్చటం ఏమీ వద్దు. మెట్టెలు, గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యండి, మనిషిని నడవనియ్యకుండా కాలికి బద్ద కట్టి విషానికి విరుగుడు మందున్న ఆస్పత్రికి పోవటమే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు, పామును పట్టుకొచ్చి చూపియ్యక్కర్లా. కట్లపాము అయితే రాత్రి నిద్రలో కరిచినా నొప్పి తెలవదు, తెల్లారగట్ల కడుపులో నొప్పి, కళ్ళు మూతలు పడటం చూస్తే ఆలోచించకండి. అందుకే మా కిట్టులో మొదటి వస్తువు మంచి టార్చిలైటు.

సైరన్_మోగిస్తా:
108లో చేస్తా. కేసు గొడవ గురించి అడిగినవ్ కదా, మోటార్ వాహనాల చట్టంల 2019ల 134ఎ సెక్షన్ పెట్టిన్రు, సాయం చేసినోళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దు. మీ మామకు ఇది చూపెట్టు. హైవే మీద అయితే హైవే వాళ్ళ హెల్ప్‌లైన్ నంబరు 1033 గూడ ఉన్నది. మాకు ఫోన్ చేసినప్పుడు టోల్ గేటు దాటినంక ఒక దాబా కాడ అనకున్రి, పక్కన కిలోమీటర్ రాయి ఉంటది, దాని నంబరు, ఏ దిక్కు పోయే రోడ్డో చెప్పున్రి. హెల్మెట్ గుంజకున్రి, ఊపిరి ఆడకుంటేనే తియ్యాలె, అది గూడ ఇద్దరు పట్టుకొని మెల్లగ. నీళ్ళు తాగియ్యకున్రి, ఎంత అడిగినా సరే. బాటిల్ పట్టుకొని పది మంది ఉరుకొస్తరు, మాకు వాళ్ళను ఆపుడే పెద్ద పని.

నకిరేకల్_అల్లుడు:
అందరికి మస్తు థ్యాంక్స్. నిన్న కోఠికి పోయి అక్క చెప్పినయన్ని కొన్న, రెండు సెట్లు, 2,140 అయింది, టూర్నికేట్ ఒరిజినల్ బావమరిదితోటి తెప్పిస్తున్న. మూతకు లోపట 108, 1033, మా అందరి బ్లడ్ గ్రూపులు రాసి అతికిచ్చిన. ఒక డౌట్, ఎండాకాలం కారు లోపట ఉడికిపోతది కదా, అన్నీ ఖరాబ్ అయితయా?

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ:
గాజు గుడ్డకేం కాదు. మాత్రలు, ఓఆర్ఎస్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి, ప్లాస్టర్ జిగురు కరిగిపోతుంది కాబట్టి ప్రతి జూన్‌లో కొత్తది మార్చండి. డిక్కీలో సామాన్ల కింద మాత్రం తొయ్యకండి, వెనక నుంచి గుద్దితే డిక్కీ తెరుచుకోదు. డ్రైవర్ సీటు కింద పట్టకపోతే వెనక సీటు కింద.

నకిరేకల్_అల్లుడు:
సీటు కిందనే పెట్టిన అక్కా. మా ఆవిడ చూసి ఇవన్నీ సరే గానీ నా చున్నీ సంగతేంది అని అడుగుతున్నది, ఇప్పుడు అది కొనాలె, దానికి కిట్టు కంటే ఎక్కువ అయ్యేట్టున్నది.