ట్రయల్ అని శని, ఆదివారాలు ఫ్రీగా చేయించుకున్నారు, ఇది మామూలేనా?

మా తమ్ముడు ఇంటర్ అయ్యాక బీచ్ రోడ్డు వైపు ఒక రెస్టారెంటులో స్టీవర్డ్ (ఆర్డర్ తీసుకుని వడ్డించే) పనికి అడిగాడు. శని, ఆదివారాలు ట్రయల్ చెయ్యి, నచ్చితే వారం ట్రైనింగ్, ఆ తర్వాతే జీతం మొదలు అన్నారట. ట్రయల్ అంటే ఓ గంట చూసి పంపేస్తారనుకున్నాం, వీడేమో పొద్దున్న పదకొండుకి వెళ్లి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చాడు. ఆర్డర్ ఒక్కటి తీసుకోనివ్వలేదు, ఎంగిలి ప్లేట్లు ఎత్తడం, టేబుళ్లు తుడవడం, రాత్రి పార్శిళ్ల రష్‌లో షేర్వా, రైతా కవర్లకి ముడులు వేయడం, ఇదే పని. టిప్పులు స్టీవర్డ్‌ల మీద ఉండే కెప్టెన్‌కే. వాడిలాగే ఇంకో నలుగురు ట్రయల్‌కి వచ్చారట. డబ్బులడిగితే ఉద్యోగం పోతుందని వాడి టెన్షన్. పైగా టెన్త్ ఒరిజినల్ మెమో తెచ్చిమ్మంటున్నారు. ట్రైనింగ్‌కి పంపాలా వద్దా?

తందూర్ సెక్షన్:
ట్రయల్ అడగడంలో తప్పేం లేదు బ్రో. వంటవాడైతే ఉల్లిపాయలు తరగమంటారు, ఒక గ్రేవీ చేయించి చెఫ్ రుచి చూస్తాడు, అసలు కత్తి పట్టే తీరులోనే సగం తెలిసిపోతుంది. స్టీవర్డ్‌కైతే ట్రే పట్టుకోవడం, కస్టమర్‌తో మాట తీరు చూస్తారు. దానికి అరగంట, మహా అయితే గంట చాలు. వీకెండ్ రష్‌లో ఐదుగురిని పిలిచి రాత్రి దాకా ప్లేట్లు ఎత్తించారంటే మనుషులు చాలక పిలిచారన్నమాట, వచ్చే శనివారం ఇంకో ఐదుగురు వస్తారు చూడు. ఒరిజినల్ మెమో మాత్రం చచ్చినా ఇవ్వొద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి వచ్చేయమను. అది వాళ్ల బీరువాలో ఉంటే మానేయాలన్నా కాళ్లు కట్టేసినట్టే.

ఎంవీపీ టిఫిన్స్:
మా బాధ కూడా వినండి. కొత్త కుర్రాళ్లు అడ్వాన్స్ తీసుకుని మర్నాటి నుంచి ఫోన్ స్విచాఫ్. అందుకే మొదటి వారం డబ్బులు చేతికి ఇవ్వడానికి భయపడతాం.

మురళీనగర్:
టిఫిన్స్ అన్న చెప్పింది నిజమే గానీ, అడ్వాన్స్ ఇవ్వకపోవడం వేరు, చేసిన పనికి కూలి ఎగ్గొట్టడం వేరు కదండీ. ట్రైనింగ్ అన్నంత మాత్రాన కనీస వేతనం ఎగ్గొట్టడానికి లేదు. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద అప్రెంటిస్‌గా రాయించుకుంటే లెక్క వేరు, కానీ అప్పుడూ స్టైపెండ్ ఇవ్వాల్సిందే. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్ (జీతాల చట్టం) 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి, బకాయి కోసం 3 ఏళ్ల దాకా క్లెయిమ్ వేయొచ్చు, డబ్బులు ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే. వాడు ఆ రెండు రోజులూ అక్కడ పనిచేశాడని మాత్రం మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. రమ్మన్న వాట్సాప్ మెసేజ్, ఫోన్‌లో లొకేషన్ హిస్టరీ, యూనిఫాంలో దిగిన ఫొటో, ఏవీ డిలీట్ చేయనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మేనేజర్ మెసేజ్ ఉంది, "సాటర్డే షార్ప్ లెవెన్, బ్లాక్ షూస్" అని. ఇప్పుడు నేరుగా లేబర్ ఆఫీసుకే వెళ్లమంటారా?

తందూర్ సెక్షన్:
ముందు మేనేజర్‌నే అడగమను, అదీ ఫోన్లో కాదు, వాట్సాప్‌లో. "సార్, ట్రైనింగ్ వారానికి రోజుకి ఎంత ఇస్తారు, శని, ఆదివారాల డబ్బులు ఎప్పుడిస్తారు" అని మర్యాదగానే. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడు అంకె చెప్తాడు. "ముందు పని నేర్చుకో బాబూ" అన్నాడంటే ట్రైనింగ్‌కి వెళ్లక్కర్లేదు, ఆ మెసేజ్‌ల ప్రింటు తీసుకుని లేబర్ ఆఫీసులో కాగితం పెట్టి, రసీదు తీసుకుని రండి. ఈలోపు ఖాళీగా కూర్చోవద్దను, పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ వాళ్లకి సర్వీసు కుర్రాళ్లు ఎప్పుడూ కావాలి, చాలామంది ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చేస్తారు.