సమస్య: "అరిసె విరిగిన నింటిలో హర్షమెగసె"

నిర్వాహకుడు: పై పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలూ కట్టి అర్థం కుదర్చాలి. ఛందస్సు తేటగీతి. క్రిస్మస్ రాత్రి ఇంటి ప్రార్థన, ఆపైన అరిసెల పళ్ళెం. ఇదీ సందర్భం. విరిగిన అరిసెకి సంతోషమేమిటన్నదే చిక్కు. పాకం సంగతి తెలియకుండా పూరిస్తే ఇక్కడ దొరికిపోతారు.

పూరణ 1 (పొన్నచెట్టు)

క్రీస్తు జన్మించె నని పాడి కీర్తనములు
చదివి లూకాసువార్తను చక్కగాను
పెద్ద ముక్కను పసివాని పిడికిట నిడ
అరిసె విరిగిన నింటిలో హర్షమెగసె

రెల్లుగడ్డి: రొట్టె విరిచినట్టు అరిసెను విరిచి పంచారు, చిక్కు విడిపోయింది. ఆ పిడికిలి కళ్ళకు కట్టింది. "చక్కగాను" మాత్రం ఒట్టి పాదపూరణం, పైగా ద్రుతం ("సువార్తను" చివరి నకారం) మీద చ జ అయి "జక్కగాను" కావాలి. "సద్దులేక" అనండి, చ-స యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) చెల్లుతుంది. తర్వాత "ముక్కనుఁ బసివాని". "ఇడన్" మీద అచ్చు వచ్చింది కనుక నాలుగో పాదం "నరిసె" అవుతుంది. స్వరయతే (నకారాన్ని వదిలి అచ్చుకే యతి) కాబట్టి చెడదు.

పూరణ 2 (ఉండపాకం)

ముదిరెఁ బాకంబు రాయయ్యె ముద్దయంత
ప్రార్థనానంతరమ్మునఁ బాలు గాచి
నానవేసిరి పిల్లలు నవ్వులొలుక
నరిసె విరిగిన నింటిలో హర్షమెగసె

రెల్లుగడ్డి: భేష్! తప్పు పట్టడానికి ఛందస్సులో ఏమీ లేదు, వంటలో ఉంది. కాచిన పాలు గోరువెచ్చనయ్యాకే అరిసె వేయాలి. మరుగుతుండగా వేస్తే బెల్లానికి పాలు విరుగుతాయి. అప్పుడు విరిగేది అరిసె కాదు!

పొన్నచెట్టు: రాయి కాకుండా ఎక్కడ ఆపాలండీ?

ఉండపాకం: కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. చన్నీళ్ళలో వేసిన చుక్క వేళ్ళ మధ్య మెత్తని ఉండగా చేరగానే దించి పిండి కలపాలి. ఉండ గిన్నెకు తగిలి టంగుమంటే అది వేరుశనగ చిక్కీ పాకం.

పూరణ 3 (మూకుడు)

బెల్లంపాకము లేతదై పిండి జారె
నూనె మూకుడు నిండుగ నూక తేలె
మరలఁ దడిపిండి చేర్చగా మాట వినగ
నరిసె విరిగిన నింటిలో హర్షమెగసె

రెల్లుగడ్డి: "బెల్లం" రెండు గురువులు, తేటగీతి పాదం మొదట ఉండాల్సిన సూర్యగణం (గురువు-లఘువు లేదా మూడు లఘువులు) కాదు. "బెల్ల మింకక లేతదై" అంటే గణమూ కుదురుతుంది, కారణమూ తెలుస్తుంది. నూనెలో నూక తేలడం చూసినవారు రాసిన పాదం! కానీ పిండి మాట విన్నాక అరిసె నిండుగా వచ్చిందిగా, మళ్ళీ ఎందుకు విరిగింది? సమస్య అలాగే మిగిలింది. ప్రార్థన ఊసూ లేదు.

ఉండపాకం: లేతపాకం ఒక్కటే కాదు, ఆరిన పిండితోనూ అరిసె పిగులుతుంది. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వాడ్చి, చెమ్మ ఉండగానే దంచి జల్లించాలి. జల్లించిన పిండిని అదిమి మూత పెట్టకపోతే పాకం వచ్చేలోపే ఆరిపోతుంది.

నిర్వాహకుడు: "ఇంటిలో" అన్న మాటను ఎవరూ పట్టుకోలేదేం? బేత్లెహేము అంటే హీబ్రూలో రొట్టెల ఇల్లు. మొదటి పాదం నేనిస్తున్నా, నడిమి రెండూ మీవి:

రొట్టెయింటను బుట్టిన రోజు తలచి