1999 మియాటాను ట్రాక్‌కు సిద్ధం చేయడం: టర్బో ముందా, బ్రేకులు ముందా?

ప్రశ్న (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

అందరికీ నమస్కారం. గత నవంబరులో నేను 1999 నాటి మాజ్డా మియాటా ఒకటి కొన్నాను. 1.8 లీటర్ల ఇంజిను, ఐదు గేర్ల మాన్యువల్, పైన గుడ్డ టాపు. ఇప్పటికి లక్షా పన్నెండు వేల మైళ్లు తిరిగింది. అమ్మినవారి దగ్గర సర్వీసు కాగితాలు ఏవీ లేవు. ఇంతకుముందు రెండు ట్రాక్ డేలకు (మామూలు కార్లను రేసు ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు) వెళ్లాను కానీ, రెండుసార్లూ స్నేహితుడి కారునే, పక్కన శిక్షకుడు కూర్చోగా నడిపాను. జూలైలో విల్లోస్ దగ్గర ఉన్న థండర్‌హిల్ రేసు ట్రాక్‌కు నా సొంత కారును తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాను.

ఇందుకోసం నాలుగు వేల డాలర్లు పక్కన పెట్టుకున్నాను. కొత్తప్పుడు 140 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ ఇంజినుతో తిన్నని దారిలో ప్రతివారికీ పక్కకు తప్పుకుని దారి ఇవ్వవలసి వస్తుందని, ఆ డబ్బంతా టర్బో (ఇంజినులోకి ఎక్కువ గాలిని నెట్టి శక్తి పెంచే పరికరం) మీద పెట్టమని ఒక మిత్రుడు గట్టిగా చెబుతున్నాడు. మరొకరు ముందు సస్పెన్షన్ మార్చమంటున్నారు. నాకు యంత్రాల పని కొంత వచ్చు. ఆయిలు, ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోగలను. ఈ డబ్బును ఏ వరుసలో ఖర్చు పెట్టాలో, గుడ్డ టాపు ఉన్న కారుకు రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు కమ్మీ) తప్పనిసరో కాదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

సమాధానం (శాక్రమెంటో, కాలిఫోర్నియా)

మీ మిత్రుడి సలహాను ప్రస్తుతానికి పూర్తిగా పక్కన పెట్టండి. పదకొండేళ్లుగా ఇదే తరం మియాటాను ట్రాక్ మీద నడుపుతున్నాను కనుక ఇంత నిక్కచ్చిగా చెబుతున్నాను. టర్బో పెడితే ఇంజినులో వేడి పెరుగుతుంది, ప్రతి మలుపుకూ మరింత వేగంగా చేరుకుంటారు. ఆ వేడినీ ఆ వేగాన్నీ భరించవలసిన రేడియేటరు, బ్రేకులు మాత్రం ఇరవై ఐదేళ్ల నాటివే ఉంటాయి. పైగా మన రాష్ట్రంలో ఉద్గారాలపై ప్రభావం చూపేలా కొత్తగా అమర్చే ఏ భాగానికైనా కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు మినహాయింపు ఉండాలి. అది లేని టర్బోతో స్మాగ్ పరీక్షకు (ఉద్గారాల తనిఖీకి) వెళితే కారు తప్పుతుంది, అప్పుడు రోడ్డు మీద తిరగడానికే ఇబ్బంది.

ముందు బ్రేకుల సంగతి చూద్దాం. మీతో కలిపి కారు బరువు దాదాపు 1,150 కిలోలు అనుకోండి. తిన్నని దారి చివర గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గించినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు ఎనిమిదిన్నర లక్షల జౌళ్లు. రెండున్నర లీటర్ల చల్లని నీటిని మరుగు వరకూ తీసుకువెళ్లడానికి కావలసిన వేడి అది. గాలి నిరోధం, ఇంజిను కొంత పంచుకున్నా, అందులో అధిక భాగం చక్రాలతో పాటు తిరిగే నాలుగు బ్రేకు పళ్లేల్లోకే, అంటే రోటర్లలోకే, ముఖ్యంగా ముందు రెండింటిలోకే వెళుతుంది. ఇరవై నిమిషాల సెషనులో, అంటే ట్రాక్ మీద నడిపే ఒక్కో విడతలో, ప్రతి చుట్టుకూ ఇలా మూడు నాలుగు సార్లు జరుగుతుంది, మధ్యలో చల్లారడానికి కొన్ని సెకన్లే దొరుకుతాయి.

ఆ వేడి ప్యాడ్ల గుండా, వాటిని రోటరుకు నొక్కే క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్‌లోకి చేరుతుంది. డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం. కానీ ఈ ద్రవాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, అలా పీల్చుకున్నాక అవే ప్రమాణాలు వరుసగా 140కి, 155కి పడిపోతాయి. ద్రవం మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. అందువల్ల పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. నా రెండవ సంవత్సరంలో ఇది నాకే జరిగింది. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటిందని తెలిసీ, ఈ ఒక్క రోజుకు ఏమవుతుందిలే అని వెళ్లాను. మూడవ సెషనులో పెడల్ కింద ఏమీ లేనట్టు అనిపించిన ఆ క్షణం ఇప్పటికీ గుర్తుంది. గబగబా పెడల్‌ను రెండు మూడు సార్లు తొక్కి, గేర్లు దించి, విశాలమైన గడ్డి నేల ఉండబట్టి బయటపడ్డాను. అప్పటి నుంచి ప్రతి సీజను మొదట్లో మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 అనే రేసింగు ఫ్లూయిడ్ పోస్తున్నాను. అది కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీల దాకా, తేమ పట్టాక 205 డిగ్రీల దాకా మరగదు. డాట్ 5 అని రాసి ఉండే సిలికోన్ ఫ్లూయిడ్‌ను మాత్రం పొరపాటున కూడా పోయకండి, అది మీ వ్యవస్థకు పనికిరాదు.

ప్యాడ్లు కూడా మార్చాలి. రోడ్డు ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోతాయి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, కానీ ఎంత తొక్కినా కారు తగినంత నెమ్మదించదు. పెడల్ దిగిపోతే దోషం ఫ్లూయిడ్‌లో ఉందని, గట్టిగా ఉండి పట్టు లేకపోతే దోషం ప్యాడ్లలో ఉందని గుర్తుంచుకోండి. పెద్ద క్యాలిపర్లు, పెద్ద రోటర్లు మీకు ఇప్పుడు అవసరం లేదు; మంచి ట్రాక్ ప్యాడ్లు, కొత్త మామూలు రోటర్లు, క్యాలిపర్ జారే స్లైడ్ పిన్నులను శుభ్రం చేసి గ్రీజు పెట్టడం చాలు.

రోల్ బార్ విషయంలో రెండో మాట లేదు. గట్టి టాపు లేని కార్లకు చాలా క్లబ్బులు దాన్ని తప్పనిసరి చేశాయి. చేయకపోయినా పెట్టించుకోవలసిందే. మీరు హెల్మెట్ పెట్టుకుని సీటులో కూర్చున్నప్పుడు, రోల్ బార్ పై అంచు నుంచి ముందు అద్దం పై అంచు వరకు ఒక కర్రను ఆనిస్తే, మీ హెల్మెట్ ఆ కర్ర కింద ఉండాలి. మీరు పొడగరి అయితే బార్ కొనేముందే సీటు కిందికి దించే ఏర్పాటు చూసుకోండి, లేకపోతే ఆ ఖర్చు అంతా చేసి కూడా తనిఖీలో వెనక్కి రావలసి వస్తుంది.

సమాధానం (డెట్రాయిట్, మిషిగన్)

పై సమాధానంలో బ్రేకుల గురించి చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. ఇంజిన్ల శీతలీకరణ నా వృత్తి కనుక, జూలైలో థండర్‌హిల్ అనగానే నాకు తోచినది రాస్తున్నాను. విల్లోస్ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు 38 డిగ్రీలు దాటడం మామూలే.

మీ కారులోని ఇంజినును మాజ్డా మొదట ముందు చక్రాలతో నడిచే కార్ల కోసం, అడ్డంగా అమర్చడానికి రూపొందించింది. ఆ అమరికలో నీరు పంపు ఉన్న చివర లోపలికి వచ్చి, సిలిండర్లన్నిటినీ దాటి, హెడ్ (ఇంజిను పై భాగం) రెండవ చివర నుంచి బయటకు పోతుంది. మియాటాలో అదే ఇంజినును ముందు నుంచి వెనుకకు పొడవుగా తిప్పి పెట్టినప్పుడు, ఆ రెండవ చివర క్యాబిన్ గోడకు ఆనుకుని పడింది. అక్కడ గొట్టాలకు చోటు లేక, వేడిని బట్టి నీటి ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌నూ నీరు బయటకు పోయే మార్గాన్నీ ముందు వైపుకు, అంటే పంపు ఉన్న వైపుకే తెచ్చారు. దీనివల్ల నీటిలో కొంత భాగం వెనుక దాకా వెళ్లకుండానే తిరిగి వస్తుంది, నాలుగవ సిలిండరు మిగతావాటికన్నా వేడిగా పనిచేస్తుంది. రోడ్డు మీద ఇది పెద్ద లోపం కాదు. ఇరవై నిమిషాల పాటు ఇంజినును ఆరు వేల ఆర్‌పీఎం పైన తిప్పేవారికి మాత్రం పట్టించుకోవలసిన సంగతి. అందుకే అనుభవజ్ఞులు నీటి మార్గాన్ని మళ్లీ హెడ్ వెనుక నుంచి బయటకు తీస్తారు. మొదటి ఏడాదిలోనే మీరు అది చేయనక్కరలేదు కానీ, టర్బో ఎప్పుడైనా పెడితే దానికంటే ముందు ఇది కావాలి.

ఇప్పుడు చూడవలసింది రేడియేటరు. పై భాగంలోని ప్లాస్టిక్ ట్యాంకు మొదట నల్లగా ఉంటుంది, వేడికి ముసలిదైన కొద్దీ గోధుమ రంగుకో పచ్చటి గోధుమ రంగుకో తిరుగుతుంది. ఆ రంగు కనిపిస్తే అది ఏ రోజైనా పగలవచ్చని అర్థం. దాన్ని మార్చేటప్పుడు గొట్టాలు, మూత, థర్మోస్టాట్ కూడా మార్చేయండి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఈ తరం కారులోని ఉష్ణోగ్రత ముల్లు చాలా విస్తృతమైన పరిధిలో మధ్యలోనే నిలబడి ఉంటుంది, అది కదిలేసరికి ఆలస్యం అయిపోతుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా నిజమైన కొలత చూపదు. ప్రెషర్ ఉందా లేదా అన్న రెండు స్థితులనే చెబుతుంది. మీది 1999 నాటి కారు కనుక ఓబీడీ-2 పోర్టు, అంటే ఇంజిను వివరాలు చదివే సాకెట్టు, ఉంది. దానికి తక్కువ ధరలో దొరికే అడాప్టరు తగిలిస్తే ఫోనులో నీటి ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. ఆయిల్ ప్రెషర్‌కు మాత్రం విడిగా నిజమైన గేజ్ పెట్టుకోండి. సెషను మధ్యలో ఉష్ణోగ్రత పెరుగుతున్నట్టు కనిపిస్తే, హీటరును పూర్తి వేడిలో పెట్టి, వేగం తగ్గించి లోపలికి వచ్చేయండి. హీటరుకు నీరు హెడ్ వెనుక నుంచే వెళుతుంది కాబట్టి, ఆ చర్య సరిగ్గా వేడెక్కిన చోటికే సాయపడుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుడిని. ఈ ఉదయం బానెట్ ఎత్తి చూశాను, రేడియేటరు ట్యాంకు మీరు చెప్పిన గోధుమ రంగులోనే ఉంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియదు. టర్బో ఆలోచన విరమించుకున్నాను. నా దగ్గర మోటారుసైకిల్ హెల్మెట్ ఉంది, అది సరిపోతుందా? రోల్ బార్ పెట్టించినప్పుడు దానికే నాలుగు పట్టీల హార్నెస్ (రేసు కార్ల సీటు బెల్టు) కూడా కట్టించుకోవచ్చా? టైర్లు ఏవి కొనాలి?

సమాధానం (శాక్రమెంటో)

బెల్టు ఎప్పుడు మార్చారో తెలియదంటే మార్చలేదనే లెక్క. సాధారణంగా దాన్ని 60,000 మైళ్లకు మారుస్తారు. వాటర్ పంపు అదే చోట ఉంటుంది కనుక రెండూ ఒకేసారి మార్చండి.

మోటారుసైకిల్ హెల్మెట్‌ను అనుమతించే నిర్వాహకులు కొందరు ఉన్నారు, కానీ కార్ల కోసం స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్ఏ రేటింగు వేరు. ఆ పరీక్షల్లో మంటలను తట్టుకోవడం, రోల్ బార్ వంటి గట్టి కడ్డీకి మళ్లీ మళ్లీ తగలడం కూడా చూస్తారు. ఎస్ఏ2020 గానీ ఆ తరువాతిది గానీ కొనండి. హార్నెస్ ఇప్పుడు వద్దు. అసలు సీటుతో హార్నెస్ కలపడం, మెడను కాపాడే పరికరం లేకుండా భుజాలను బిగించుకోవడం, రెండూ ప్రమాదకరమే. కంపెనీ ఇచ్చిన మూడు బిందువుల బెల్టు మంచి స్థితిలో ఉంటే ఈ ఏడాదికి అదే సరైనది.

టైర్ల విషయంలో, మరీ అంటుకుపోయేవి మొదట కొనవద్దు. 200 ట్రెడ్‌వేర్ (టైరు ఎంత త్వరగా అరుగుతుందో సూచించే అంకె) టైర్లలో హాంకుక్ ఆర్ఎస్4 వంటివి ఎక్కువ కాలం మన్నుతాయి, పట్టు హద్దు దాటే ముందు చప్పుడుతో హెచ్చరిస్తాయి. ఎంత పట్టున్న టైరు వేస్తే చక్రాల బేరింగుల మీద అంత భారం పడుతుందని కూడా గమనించండి. ఈ కారులో ఆ బేరింగులు ఉండే ముందు హబ్బులు ట్రాక్ వాడకంలో అరిగిపోయే భాగాలే. కారును జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఏ మాత్రం వదులు తెలిసినా మార్చండి. గాలిని ఉదయం చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన 26 పీఎస్ఐతో మొదలుపెట్టి, ప్రతి సెషను తరువాత లోపలికి రాగానే వేడి మీద కొలిచి, నాలుగు చక్రాల అంకెలూ పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం రెండేళ్లలో ఏ సలహాకన్నా విలువైనదవుతుంది.

చక్రాల నట్లను టార్క్ రెంచితో దాదాపు 80 పౌండ్-అడుగులకు బిగించండి, మొదటి సెషను తరువాత చల్లారాక మళ్లీ చూడండి. చివరి చుట్టును బ్రేకులు దాదాపు వాడకుండా నెమ్మదిగా పూర్తి చేయండి. ఆపిన తరువాత హ్యాండ్ బ్రేక్ వేయవద్దు, గేరులో ఉంచి చక్రం కింద దిమ్మ పెట్టండి. మీ మామూలు బీమా ట్రాక్ మీద జరిగే నష్టాన్ని మినహాయించే అవకాశం ఎక్కువ. పాలసీ కాగితం చదివి, అవసరమైతే ఆ ఒక్క రోజుకు విడి బీమా తీసుకోండి.

సమాధానం (హైదరాబాద్)

నేను ఫోక్స్‌వాగన్ పోలోను ఏడాదికి ఒకటి రెండు సార్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు తీసుకువెళతాను. కారు వేరైనా ఇక్కడ చెప్పినవన్నీ నాకూ వర్తించాయి. మేము బ్రేక్ ఆయిల్ అని పిలిచే ఫ్లూయిడ్ చెన్నై తేమకు ఇంకా త్వరగా పాడవుతుంది కనుక నేను ప్రతి ప్రయాణానికి ముందు మారుస్తాను. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. కాబట్టి ఫ్లూయిడ్, ప్యాడ్లు, టైర్లు, వీల్ అలైన్‌మెంట్ దాటి నేను వెళ్లను. ఆరు వందల కిలోమీటర్లకు పైగా నడిపి వెళ్లి, రెండు రోజుల తరువాత అదే కారులో కుటుంబంతో తిరిగి రావలసిన వాడిని. అందుకే రోడ్డు ప్యాడ్ల సెట్టు డిక్కీలో పెట్టుకుని వెళ్లి, తిరుగు ప్రయాణానికి ముందు మార్చుకుంటాను. ఫ్రీమాంట్ నుంచి వెళ్లే సోదరులు కూడా ఆ అలవాటు చేసుకుంటే మంచిదని నా అభిప్రాయం. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు హైవే మీద అనుకున్నంత పట్టవు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

తిరుగు ప్రయాణం గురించి నేను అసలు ఆలోచించలేదు. ఇక్కడి నుంచి విల్లోస్ దాదాపు 150 మైళ్లు, రాత్రి వేళ అలసిపోయి నడపవలసి వస్తుంది. రోడ్డు ప్యాడ్లు డిక్కీలో ఉంటాయి. రోల్ బార్, హెల్మెట్ ఈ వారమే తెప్పిస్తున్నాను. బెల్టు, పంపు, రేడియేటరు పని వచ్చే నెలలో చేయిస్తాను, మిగిలిన డబ్బు టైర్లకు, ట్రాక్ రుసుముకు వెళుతుంది. సస్పెన్షన్‌లో అలైన్‌మెంట్ తప్ప ఏదీ ముట్టుకోను. ఫ్లూయిడ్ సీసాలు రెండు నిన్న వచ్చాయి. శనివారం ఉదయం తమ్ముడిని పెడల్ దగ్గర కూర్చోబెట్టి పాత ఫ్లూయిడ్ తీసి కొత్తది పోస్తాను; పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనుక కుడి చక్రంతో మొదలుపెడతాను. పాత ఫ్లూయిడ్ ఏ రంగులో వచ్చిందో ఇక్కడ ఫోటో పెడతాను.