పొట్ట ట్యూబ్‌లో రాగిజావ అడ్డుపడుతోంది

ప్రశ్న: నాలుగేళ్ల పాపకి పొట్టకి అమర్చిన ట్యూబ్ ద్వారానే ఆహారం. జావ పోసిన రోజే మూసుకుపోతోంది. ఏం చేయాలండి?

జవాబు 1: జావ చల్లారేకొద్దీ చిక్కబడుతుందండి, చిక్కంతా అక్కడే. పల్చగా కాచి, సన్నటి జల్లెడలో రెండుసార్లు వడకట్టి, గోరువెచ్చగా ఉండగానే పోయండి. ముందూ తర్వాతా 5–10 మి.లీ. నీళ్లు (డాక్టర్ వేరే లెక్క చెబితే అదే). మూసుకుపోతే పెద్ద సిరంజితో గోరువెచ్చటి నీళ్లు మెల్లగా నెట్టి, లాగి, 15 నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. చిన్న సిరంజి వద్దు, ఒత్తిడి ఎక్కువై ట్యూబ్ చీలుతుంది. పుల్ల, తీగ అసలే వద్దు.

జవాబు 2: మందుల్నీ అనుమానించండి. ఒక్కో మందూ విడిగా, మధ్యలో నీళ్లు, జావలో కలపకూడదు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు నూరకూడదు. ట్యూబ్ ఊడి వచ్చేస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, కొన్ని గంటల్లోనే రంధ్రం పూడుకుపోతుంది.

జవాబు 3: ఇంకొకటి. అందరూ భోంచేసేటప్పుడే పాపనీ పక్కన కూర్చోబెట్టి ఫీడ్ ఇవ్వండి. పప్పు వాసనకీ పొట్ట నిండడానికీ ముడిపడాలి. మింగడం, తినడం నేర్పే థెరపిస్టు సరేనంటే పెరుగులో వేలు ముంచుకోనివ్వండి. "ఒక్క ముద్ద" అని బామ్మగారు బలవంతపెట్టకుండా చూసుకోండి.