ది బ్రదర్స్ బ్లూమ్: చివర్లో అన్న నిజంగానే పోయాడా?

ఆదివారం_సినిమా

స్పాయిలర్లున్నాయి, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నిన్న రాత్రి 'ది బ్రదర్స్ బ్లూమ్' చూశాను. 2008 నాటిది, రియాన్ జాన్సన్ తీసింది. మోసాలకి పథకాలు వేసే అన్న స్టీఫెన్‌గా మార్క్ రఫలో, వాటిలో వేషాలు కట్టే తమ్ముడు బ్లూమ్‌గా ఏడ్రియన్ బ్రోడీ, వాళ్ళు బుట్టలో వేద్దామనుకున్న కోటీశ్వరురాలు పెనెలొపిగా రేచెల్ వైజ్. చాలాసేపు హాయిగా నవ్వుకున్నా. నల్ల సూట్లు, పాతకాలం టోపీలు, ఓడ ప్రయాణాలు, అసలు కథ ఏ కాలంలో జరుగుతోందో కూడా పట్టించుకోబుద్ధి కాలేదు.

తీరా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాక బుర్ర పనిచేయడం మానేసింది. పాడుబడ్డ థియేటర్లో అన్నకి తూటా తగులుతుంది, అయిపోయాడు అనుకునేలోపు లేచి ఇదంతా నాటకమే అంటాడు, తమ్ముణ్ణి పెనెలొపితో పంపించేస్తాడు. తర్వాత దారిలో బ్లూమ్ తన చొక్కా మీద అన్న నుంచి అంటిన మరక చూసుకుని కుప్పకూలిపోతాడు. ఇంతకీ అన్న పోయినట్టా, పోనట్టా? ఇంకోటి, మోసాల సినిమా అన్నాక చివర్లో చిక్కుముళ్ళన్నీ విప్పి చూపించాలి కదా, ఇందులో ఎక్కడివక్కడే వదిలేశారు. నాకే ఎక్కలేదా, సినిమాయే అంతా?

పేకముక్క

పోయాడు బ్రో, అందులో డౌటే లేదు. మరక రంగు చూడండి, గోధుమరంగులోకి తిరిగిపోయి ఉంటుంది. నాటకాల్లో వాడే రంగునీళ్ళు ఎంతసేపైనా ఎర్రగానే ఉంటాయి, అసలు రక్తమే ఆరితే అలా మారుతుంది. చిన్నప్పట్నుంచీ దొంగ చావుల మధ్యే పెరిగినవాడు బ్లూమ్, ఆ తేడా అతనికి ఒకరు చెప్పాలా? అందుకే అక్కడ విడమరిచి చెప్పలేదు, నటుడి ముఖం మీదే వదిలేశారు.

ఎవరికి కావాల్సింది వాళ్ళకి దక్కితే అదే అసలైన మోసం అన్నది స్టీఫెన్ సిద్ధాంతం. తమ్ముడికి కావాల్సింది అన్న రాసిపెట్టని బతుకు. రాసేవాడే లేకపోతే తప్ప అది దొరకదు. చచ్చిపోతూ కూడా వేషం విడవలేదు మహానుభావుడు.

గోడమీదపిల్లి

మీరంతా ఇంత మెచ్చుకుంటున్నారు కానీ నాకు సెకండాఫ్ బాగా సాగదీసినట్టే అనిపించింది. ప్రాగ్ కోట ఎపిసోడ్ అయ్యాక మెక్సికో, మళ్ళీ రష్యా, ఒక మోసం మీద ఇంకో మోసం కప్పుకుంటూ పోతే చూసేవాడికి ఏదీ నిజం అనిపించదు, ఇక ఎవడు చచ్చినా టెన్షన్ ఎందుకొస్తుంది? దాదాపు రెండు కోట్ల డాలర్లు పెట్టి తీస్తే వచ్చింది 55 లక్షల చిల్లర. ఊరికే పోలేదు.

పెనెలొపి జోలికి మాత్రం రాను. న్యూజెర్సీలో అంత పెద్ద బంగళాలో ఒంటరిగా ఉంటూ, ఎవరెవరి విద్యలో చూసి నేర్చుకోవడమే కాలక్షేపం ఆవిడకి. నడుస్తున్న రంపాల్ని గాల్లోకి ఎగరేసి పడుతుంది, పుచ్చకాయతో కెమెరా చేస్తుంది, కారు మాత్రం సరిగ్గా నడపలేదు. తన చిన్నతనం గురించి చెబుతూ పేకముక్కలతో గారడీ చేసే సీన్ మళ్ళీ చూడండి. కట్ లేకుండా ఒకటే షాట్, వేళ్ళు ముక్కల్ని తిప్పుతూనే ఉంటాయి, నోరేమో జబ్బు, తల్లి, ఒంటరితనం అంటూ మామూలుగా చెప్పుకుపోతుంది. దీనికోసం రేచెల్ వైజ్ నిజంగానే ఆ విద్య నేర్చుకుంది. జాలి పడమని ఎక్కడా అడగదు, అదే నచ్చింది.

రెండోఆట

ఆదివారం గారూ, మీరడిగిన రెండిటికీ జవాబు మొదటి పది నిమిషాల్లోనే ఉందండీ. అక్కడ వెనకాల ప్రాసలతో కథ చెప్పే గొంతు రికీ జేది, 2018లో పోయేదాకా ఆయన బయట కూడా పేరున్న పేకముక్కల గారడీవాడు. సరే, అసలు విషయం. అన్నదమ్ములిద్దరూ అనాథ పిల్లలు, ఒక పెంపుడింట్లోంచి ఇంకో ఇంటికి మారుతుంటారు. తమ్ముడికి ఒక అమ్మాయితో మాట్లాడాలని ఉంటుంది, ధైర్యం చాలదు. అన్న ఒక కథ అల్లి అందులో వాడికో వేషం ఇస్తాడు. వేషంలో ఉంటే వాడు గడగడా మాట్లాడేస్తాడు. ఊరి పిల్లలంతా మంచి బట్టలతోనే బురదలోకి పరిగెడతారు. ఆ బట్టలు ఉతికే దుకాణం వాడితో స్టీఫెన్ ముందే వాటా మాట్లాడేసుకుని ఉంటాడు!

అంటే డబ్బు ఎప్పుడూ పక్క వ్యవహారమే. ప్రతి మోసమూ తమ్ముడి కోసం రాసిందే, చివరిదాంతో సహా. ఆ అమ్మాయి బదులు పెనెలొపి వచ్చింది. అందుకే డబ్బు లెక్కలు విప్పి చూపించకపోయినా నాకు లోటు అనిపించలేదు. పిల్లిగారన్నట్టు మెక్సికో భాగం బరువే, ఒప్పుకుంటా.

ఆదివారం_సినిమా

బట్టల దుకాణం సంగతి చూశాను కానీ ఉత్త జోక్ అనుకుని వదిలేశా. ఇవాళ మొదటి భాగం మళ్ళీ వేస్తా. మరి అన్నదమ్ముల జట్టులో బాంబులు పెట్టే బ్యాంగ్ బ్యాంగ్ సంగతేంటి? రింకో కికూచి నోరు విప్పేది ఏ రెండుమూడుసార్లో, అయినా అందర్నీ మింగేసింది. ఆ కారు పేలినప్పుడు అందులో ఉన్నట్టేనా?

పేకముక్క

బాంబులు పెట్టడమే వృత్తిగా ఉన్నావిడ కారు బాంబుకి పోతుందా? శవం చూపించలేదుగా. ఆవిడ ఎక్కడో హాయిగా ఉందనే నా పందెం.