సమస్య: "చెఱయె మేలు సుమ్ము సిరులకంటె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చెఱయె మేలు సుమ్ము సిరులకంటె

యతి చె–సి. మిగతా మూడు పాదాలు మీవి. ఒక్క షరతు: సిరిని నాలుగు తిట్లు తిట్టి వదిలేయకండి. కష్టంలో దేవుణ్ణి అందరం తలుచుకుంటాం. పదవి, పేరు చేతికొచ్చిన రోజున కూడా ఆయన్ని వదలని మనిషి ఒకరు పద్యంలో కనిపించాలి.

గుంటూరు సభ్యురాలు:
చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న బైబిలు కథ, యోసేపుది, తీసుకున్నాను.

దొరయె యింటి నెల్ల దొడ్డగా నప్పగిం
చినను, సతియె పిలిచి చెఱగు పట్ట,
వలువ విడిచి పఱచె వాఁడు దైవము నెంచి;
చెఱయె మేలు సుమ్ము సిరులకంటె.

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం చాలా బాగుంది. వలువ విడిచి పరుగెత్తడంతో మనిషి కళ్ళముందు కదిలాడు. రెండు మాటలు చెబుతాను. 'దొడ్డగా' యతి కోసం వచ్చి కూర్చుంది, అర్థానికి పనికి రాలేదు. 'సతియె' అంటే ఎవరి సతి? కథ తెలియని పాఠకుడు యోసేపు భార్యే అనుకుంటాడు. ఇలా మారిస్తే?

దొరయె యింటి నెల్ల దోసిట నుంచిన
నతని సతియె పిలిచి యంగి పట్ట,

ఆదికాండం 39వ అధ్యాయం మళ్ళీ చదవండి. ఆవిడ పిలిచింది ఒక్కరోజు కాదు, ప్రతిరోజూ. యోసేపు జవాబులో ముందు దొర పోతీఫరు తనమీద పెట్టుకున్న నమ్మకం, ఆ వెంటనే దేవునికి విరోధంగా పాపం ఎలా చేస్తానన్న ప్రశ్న. నమ్మినవాణ్ణి మోసం చేయడం, దేవుణ్ణి వదలడం అతనికి రెండు వేరు వేరు సంగతులు కావు. పద్యంలో 'దొర' మొదట రావడం అందుకే నాకు నచ్చింది.

గుంటూరు సభ్యురాలు:
సవరణ తీసుకుంటున్నానండీ. 'అంగి' అనగానే ఇంకోటి తట్టింది. అన్నలు ఒలుచుకున్న నిలువుటంగీకి రక్తం పూసి తండ్రికి చూపించారు. ఐగుప్తులో ఆవిడ ఈ బట్ట చూపించి భర్తను నమ్మించి, అతన్ని చెరలో వేయించింది. రెండుసార్లూ అతని బట్టలే అబద్ధానికి సాక్ష్యం.

నిర్వాహకుడు:
ఇది ఇంకో పద్యానికి సరిపడా సరుకు. రాయండి.

కడప సభ్యుడు (విశ్రాంత తెలుగు పండితులు):
మా జిల్లా మహానుభావుణ్ణి తలుచుకోకుండా ఎలా?

నరుని పొగడు మనుచు నరపాలుఁ డడిగిన
నాల్క హరిది యనియె నన్నమయ్య;
సంకెలలు బిగించ శౌరినే తలఁచెను;
చెఱయె మేలు సుమ్ము సిరులకంటె.

నిర్వాహకుడు:
మాస్టారూ, 'నాల్క హరిది' దగ్గర ఆగిపోయాను. ఆ రెండు ముక్కల్లో తాళ్ళపాక మొత్తం ఉంది. ఒక్క చిన్న మనవి. రాజు తన నోటితో 'నరుని పొగడు' అంటాడా? 'నన్నుఁ బొగడు మనుచు' అంటే గణం చెడదు, యతీ చెడదు, రాజు గొంతు రాజుదిగా వినిపిస్తుంది.

పెనుగొండలో సాళువ నరసింహుడు పగవాడేం కాదు, అన్నమయ్యను ఆదరించి గౌరవించినవాడు. వేంకటేశ్వరుడి మీద పాడిన శృంగార కీర్తన విని మురిసిపోయి, అలాంటిదే తన మీద ఒకటి చెప్పమన్నాడు. శత్రువు అడిగితే కాదనడం తేలిక. ఆదరించినవాడు ముచ్చటపడి అడిగితే నోరు రాదు. అన్నమయ్యకు వచ్చింది.

కడప సభ్యుడు:
'నన్నుఁ బొగడు' బాగుంది నాయనా. అలాగే ఉంచేద్దాం.

ఖమ్మం సభ్యుడు:
నాది రామదాసు మీద. మూడో పాదం ఇది: "గోలకొండ చెఱను రాముని పిలిచెను". యతి పడినట్టేనా అండీ?

నిర్వాహకుడు:
లేదు తమ్ముడూ, గో–రా కుదరదు. "గోలకొండ చెఱను గోపన్న విలపించె" అంటే పాదం నిలబడుతుంది. అయితే ఇబ్బంది యతితో తీరేది కాదు. తానీషా చెరలో రామదాసు 'ఇదే మేలు' అనలేదు. చేయించిన నగల లెక్కలు చెప్పి రాముణ్ణి నిలదీశాడు, ఏడ్చాడు. ఆ నిష్ఠూరంలోనే ఆయన భక్తి ఉంది. మన సమస్యా పాదం ఆయన నోట పెడితే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఈ పూరణ పక్కన పెట్టి, రామదాసు మీద విడిగా ఒక పద్యం రాయి.

డాలస్ సభ్యుడు:
తప్పిపోయినవాణ్ణి కూడా పక్కన నిలబెడితే బాగుంటుందనిపించింది.

పసిఁడి గుట్టలుండి భార్యల మాటకై
దారి తప్పె వృద్ధదశను రాజు;
దాసుఁడైనఁ గాని యోసేపు తప్పఁడు;
చెఱయె మేలు సుమ్ము సిరులకంటె.

కడప సభ్యుడు:
మూడో పాదంలో దాసు–యోసే ప్రాసయతి. శభాష్! యోసేపు పేరును ఆటవెలదిలో ఇమిడ్చిన తీరు ముచ్చటగా ఉంది. రాజు సొలొమోనే కదా, పేరు లేకపోయినా భార్యల మాట చాలు.

నిర్వాహకుడు:
నాకు ఎక్కువ పని పెట్టిన పూరణ ఇదే. గుడి కట్టించినవాడు, జ్ఞానం అడిగి పుచ్చుకున్నవాడు ముసలితనంలో జారిపోయాడు. యోసేపు ఇరవై వెండి నాణేలకు అమ్ముడుపోయిన కుర్రవాడు, నిలబడ్డాడు. అయితే యోసేపు మీద రాసినవాళ్ళిద్దరూ అతన్ని చెరసాల దగ్గరే వదిలేశారు. 30 ఏళ్ళ వయసులో అతను కలకు అర్థం చెప్పడానికి ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు. వెయ్యి మందిలో ఒక్కడికి దొరకని అవకాశం, తన గొప్ప చెప్పుకోవడానికి అంతకంటే మంచి సమయం లేదు. 'నావల్ల కాదు, జవాబిచ్చేది దేవుడు' అన్నాడు. పోతీఫరు ఇంట్లో పరుగెత్తడం కంటే ఈ మాట అనడమే కష్టమని నా నమ్మకం. అందుకే నా పూరణ:

కొలువులోనఁ గలకు గూఢార్థ మడుగఁగఁ
దెలివి నాది కాదు, దేవుఁ డిచ్చె
నన్న మాట మఱచి యందలం బేలరా?
చెఱయె మేలు సుమ్ము సిరులకంటె.

గుంటూరు సభ్యురాలు:
'ఏలరా' ఎవరితో అండీ? యోసేపు మరిచిపోలేదు కదా.

నిర్వాహకుడు:
యోసేపుతో కాదమ్మా, నా మనసుతో. మాటను కొంచెం మెచ్చుకోగానే అది నాదే అనిపించే రోజులున్నాయి.

పూరణలు ఆదివారం దాకా తీసుకుంటాం. దానియేలును ఇంకా ఎవరూ ముట్టలేదు. రాజ్యంలో ముగ్గురు ప్రధానుల్లో ఒకడై ఉండి, రాజుకు తప్ప ఎవరికీ మొక్కకూడదని, మొక్కితే సింహాల గుహలో వేస్తారని శాసనం వచ్చిందని తెలిసీ యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు ప్రార్థించాడు. పేరు రెండు సూర్యగణాలుగా విరుగుతుంది: దాని, యేలు. సింహాల గుహను 'చెఱ' అనవచ్చా లేదా అన్నది మాత్రం మాస్టారు తేల్చాలి.