దొనకొండ రన్‌వే, పాత క్యాంపింగ్ గ్రౌండ్లు: వాడని మిలటరీ భూములు వదిలేయాలా?

పొదిలి కుర్రోడు
రక్షణ శాఖ తన భూములన్నీ సర్వే చేయించి, పని పూర్తయిందని 2022 జనవరిలో ప్రకటించింది. లెక్క తేలింది 17.78 లక్షల ఎకరాలు. అందులో 62 కంటోన్మెంట్ల లోపల ఉన్నది 1.61 లక్షలే. మిగతా 16.17 లక్షలు బయటే. ఫైరింగ్ రేంజిలు, పాత విమాన క్షేత్రాలు, క్యాంపింగ్ గ్రౌండ్లు (దారిలో పటాలాలు దిగే స్థలాలు), అన్నీ కలిపి. మరి వాడకంలో లేనివి పట్టుకుని కూర్చోవడం ఎందుకు? మన దొనకొండనే తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో తెల్లవాళ్ళు వేసిన రన్‌వే. నేను అక్కడ క్రికెట్ ఆడాను తప్ప విమానం దిగగా చూడలేదు. ఇలాంటివన్నీ రాష్ట్రానికి ఇచ్చేస్తే కాలేజీయో ఫ్యాక్టరీయో వస్తుంది. ఇచ్చేయాలనే నా వాదన. మీరేమంటారు?

మాజీ హవల్దార్
ముందు ఒక మాట సరిచేసుకో బాబూ. దొనకొండ రన్‌వే ఇప్పుడు మిలటరీది కాదు, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. యుద్ధం అయిపోయాక అలాంటివి చాలా పౌర విమానయాన శాఖకు పోయాయి. ఇచ్చేస్తే బాగుపడుతుందని నువ్వు చెప్పే కథకు అదే జవాబు. మిలటరీ చేతిలోంచి పోయింది, ఏం వచ్చింది?

ఇంకోటి. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద రన్‌వే ఎందుకు వేశారు? 2022 డిసెంబరు 29న సుఖోయ్‌లు చక్రం ఆనించకుండా కిందిదాకా వచ్చి లేచిపోయాయి. అద్దంకి, మేదరమెట్ల జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూశారు. 2024 మార్చిలో మళ్ళీ పరీక్షించారు. అత్యవసరానికి రోడ్డునే వాడుకోవాల్సిన దేశం, ఉన్న నేల అమ్ముకుంటుందా? చేయి దాటిన ఎకరం మళ్ళీ కావాలంటే దొరకదు. సర్వీసులో ఉండగా ఫైరింగ్‌కి రేంజి దొరక్క మేం ఎంత దూరం పోయేవాళ్ళమో నాకు తెలుసు.

పొదిలి కుర్రోడు
రన్‌వే ఎవరిదో తప్పు రాశాను, ఒప్పుకుంటున్నా. కానీ కొరిశపాడు ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది బాబాయ్. రోడ్డుతో పని జరిగిపోతుంటే ఖాళీ నేలతో పనేంటి?

బిట్రగుంట బండి
బేస్ ఉన్న ఊరు వేరు, ఖాళీ నేల ఉన్న ఊరు వేరు. రెండూ కలిపేస్తున్నారు. మా బిట్రగుంట చూడండి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డు, క్వార్టర్లు, సంత, సినిమా, సందడే సందడి. షెడ్డు పోయింది, ఊరు వెలవెలబోయింది. రైల్వే భూమి మాత్రం అట్లాగే పడుంది, ఫ్యాక్టరీ పెట్టమని ఇప్పటికీ అడుగుతున్నాం. జీతాలు పోయి నేల మిగిలితే ఊరికి ఒరిగేదేం లేదు. రేపు మూసేది నడుస్తున్న బేస్ అయితే నేను హవల్దార్ గారి పక్షం. ఖాళీ స్థలమైతే కుర్రోడి పక్షం.

కావలి టు ఆస్టిన్
అమెరికాలో దీనికో పద్ధతి ఉండేది. ఏ బేస్ మూయాలో ఒక స్వతంత్ర కమిషన్ జాబితా ఇచ్చేది. కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, దాన్ని మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా కాదనాలి. "మా ఊరిది ఒక్కటి తీసేయండి" అనే బేరం కుదిరేది కాదు. 1988 నుంచి 2005 దాకా ఐదు విడతలు జరిగాయి. నేను దిగే ఆస్టిన్ విమానాశ్రయం అంతకుముందు బెర్గ్‌స్ట్రామ్ అనే వైమానిక స్థావరం. 1993లో మూశారు, 1999లో ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. అది అంత సాఫీగా జరగడానికి కారణం వేరే ఉంది. 1942లో ఆ నేల కొన్నది నగరమే. సైన్యానికి అవసరం తీరాక తిరిగి తమకే రావాలని అప్పుడే రాయించుకున్నారు. మన కాగితాల్లో అలాంటి షరతు ఎక్కడైనా ఉందా?

సూళ్ళూరుపేట పులికాట్
ఇక్కడ ఒక్కరూ అడగని ప్రశ్న: ఎవరికి ఇవ్వాలి? రాష్ట్రానికే ఎందుకు? శ్రీహరికోట మిలటరీది కాదు, రాకెట్ కేంద్రం. అయినా నేల పోవడం అంటే ఏంటో మాకు తెలుసు. దీవిలో తరాలుగా ఉన్న యానాదులు బయటికి వచ్చారు. నేల తీసుకునేటప్పుడు దేశం కోసం అంటారు. మిగిలిపోయినప్పుడు మాత్రం దేశానికి మేం గుర్తుకురాం.

నెల్లూరు ప్లీడరు
అక్కా, చట్టం మీకు అనుకూలంగా లేదు. ఒకసారి సేకరించాక మిగులు భూమి పాత రైతుకు హక్కుగా రాదు. సుప్రీంకోర్టు 1997లో కేరళ కేసులో చెప్పింది: ఇంకో ప్రజా ప్రయోజనానికి వాడాలి, లేదంటే బహిరంగ వేలం. 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ ఐదేళ్ళు వాడకపోతే తిరిగి ఇవ్వమంటుంది గానీ, "లేదా ప్రభుత్వ భూ బ్యాంకుకు" అని ఒక తోక తగిలించారు. ఆ తోకతోనే పని జరుగుతుంది. రాష్ట్రం అడిగినా రక్షణ శాఖ ఊరికే ఇవ్వదు. సమాన విలువ గల స్థలమో, కట్టడాలో, డబ్బో అడుగుతుంది. సికింద్రాబాద్‌లో రోడ్ల కోసం కంటోన్మెంట్ స్థలం అడిగితే అనుమతి వచ్చేసరికి 2024 మార్చి అయింది. రాజధాని పక్కనే అంత తిప్పలైతే మన పడమటి మండలాల కోసం ఎవరు తిరుగుతారు?

మాజీ హవల్దార్
పులికాట్ అమ్మాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. వేలమే గతి అయితే అసలు ఇవ్వకండి. ఫలానా ఊరి స్థలం, ఫలానా స్కూలుకో ఆసుపత్రికో అని రాసి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. ప్లాట్లేసి అమ్ముకోవడానికైతే మాత్రం ముళ్ళకంప ఉన్నా నయమే.

పొదిలి కుర్రోడు
రాష్ట్ర రక్షణ పరిశ్రమల విధానంలో జగ్గయ్యపేట–దొనకొండను క్షిపణులు, మందుగుండు క్లస్టర్‌గా పెట్టారు. అంటే మిలటరీ పోయిన చోటికే మిలటరీ పని తిరిగి వస్తోంది! నీళ్ళు ఎక్కడివో మరి, వెలిగొండ ప్రాజెక్టు సంగతి అడక్కండి.

ప్లీడరు గారూ, ట్రంకు రోడ్డు వెంబడి పటాలాలు దిగిన పాత స్థలాలు ఎవరి పేరున ఉన్నాయో ఎక్కడ తెలుస్తుంది?

నెల్లూరు ప్లీడరు
తహసీల్దారు ఆఫీసులో డైగ్లాట్, అంటే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు, చూడు. సర్వే నంబరు ఎదురుగా ఏమని రాసుందో నకలు తీయించు. అడంగల్‌లో వేరేలా ఉంటే అదీ తీయించు. రెండూ ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం.

పొదిలి కుర్రోడు
సోమవారం అర్జీ పెడతా.